62 శాతం గుండె

వైరల్ జ్వరం తగ్గి వారం తిరక్కముందే టూడీ ఎకో రిపోర్టు పట్టుకొచ్చేవాళ్లు ఉప్పల్, నాచారం క్లినిక్కుల్లో ఎక్కువైపోయారు. చాలామందికి అది డాక్టరు రాసింది కాదు. పక్కింటాయన చేయించుకున్నాడనో, చెకప్ ప్యాకేజీలో కలిసొచ్చిందనో చేయించుకున్నది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 62 అని కనబడగానే "మిగతా 38 శాతం పోయినట్టేనా సార్?" అని బిక్కమొహం. పదో తరగతి మార్కుల లెక్క గుండెకు పనికిరాదమ్మా! ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకోవడానికి ఎంత బయటికి వెళ్తోందో చెప్పే అంకె అది. ఎంత ఆరోగ్యవంతుడి గుండైనా పూర్తిగా ఖాళీ కాదు. 55 నుంచి 70 మధ్య ఉంటే నిక్షేపంలా ఉన్నట్టే. కొలిచే చేతిని బట్టి కూడా అది అయిదారు అటూ ఇటూ అవుతుంది కాబట్టి, వచ్చే నెల 58 వచ్చినా కంగారక్కర్లేదు.

కరోనా గుండెను తినేస్తుందని చదివామంటారు. ఆ మాటకు మూలం లేకపోలేదు. 2020 జులైలో ఫ్రాంక్‌ఫర్ట్ పరిశోధకులు కోలుకున్న 100 మందికి గుండె ఎమ్మారై తీసి, 78 మందిలో తేడాలున్నాయన్నారు. లెక్కల్లో పొరపాట్లు బయటపడి ఆగస్టులోనే సవరించుకున్నారు, అసలు నిర్ధారణ మాత్రం మారదన్నారు. సవరణ సంగతి వాట్సాప్ దాకా రాలేదు. 2021లో లండన్‌లో 149 మంది వైద్య సిబ్బందిని పరీక్షిస్తే, తేలిగ్గా సోకిపోయిన ఆరు నెలలకు వాళ్ల గుండెకూ, సోకనివాళ్ల గుండెకూ తేడా కనబడలేదు. అంతదూరం ఎందుకు? మన హబ్సిగూడ సీసీఎంబీ, తార్నాక ఎన్ఐఎన్, భారత్ బయోటెక్ కలిసి చేసిన సర్వే 2021 మార్చిలో వచ్చింది. హైదరాబాదీల్లో 54 శాతం మందికి యాంటీబాడీలున్నాయి, వాళ్లలో 75 శాతానికి పైగా తమకు సోకిందనే తెలియదు! తేలికపాటి జబ్బే గుండెను గుల్ల చేసేదైతే, ఉప్పల్ రింగ్ రోడ్డు మీద సగం మంది ఆయాసపడుతూ నడవాలి. కుర్రాళ్లు కుప్పకూలడం మీద ఐసీఎంఆర్ 2023లో వెలువరించిన అధ్యయనం కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరడాన్ని, కుటుంబంలో హఠాన్మరణాల్ని, చనిపోవడానికి ముందు 48 గంటల్లో తాగిన మితిమీరిన మద్యాన్ని, తీవ్రమైన వ్యాయామాన్ని వేలెత్తి చూపింది. ఇంట్లో పారాసిటమాల్‌తో తగ్గిన జ్వరం ఆ జాబితాలో లేదు.

రేడియేషన్ లేదు, నొప్పి లేదు, చేయించుకుంటే పోయేదేముందన్నది ఇంకో వాదన. పరీక్షతో ఏమీ పోదు, రిపోర్టుతోనే పోతుంది. ఆరోగ్యవంతుల్లోనూ కనబడే కాస్తంత వాల్వు లీకు ముందు "ట్రివియల్", అంటే లెక్కలోకి రానిది, అని రాస్తారు. ఆ కాగితం పట్టుకుని జీవితాంతం గుండెజబ్బు మనిషిగా బతికేవాళ్లున్నారు.

అసలు కోపం ఇక్కడ. కాక్సాకీ, పార్వో, డెంగ్యూ వంటి వైరస్‌లు అరుదుగానైనా గుండె కండరాన్ని వాపెక్కిస్తాయి. జ్వరం తర్వాత ఛాతీనొప్పి, పడుకుంటే ఆయాసం, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఆ రోజే ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్ష, వెంటనే ఎకో. తొలిదశలో ఎకో మామూలుగానే ఉండొచ్చు, దాన్ని చూసి ఊరుకోకూడదు. కానీ ఆ లక్షణాలున్నవాళ్లేం చేస్తారు? నాచారం పారిశ్రామికవాడలో ఒక్క అంతస్తు మెట్లెక్కలేక ఆగిపోయినవాడు గ్యాస్ బిళ్ల మింగి రెండో షిఫ్టుకెళ్తాడు. ఈఎస్ఐ కార్డు జేబులోనే ఉంటుంది, ఆస్పత్రి నాచారంలోనే ఉంది. సెలవు పెడితే జీతం కోస్తారని భయం. ఆ భయాన్ని తిట్టడానికి నోరు రాదు. కండరం వాచిందని తేలితే మూడు నుంచి ఆరు నెలలు బరువులు, జిమ్ము, క్రికెట్టు బంద్. బాబూ, అర్హత ఉన్నవాళ్లకి ఈఎస్ఐలో ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం జీతం చొప్పున సిక్‌నెస్ బెనిఫిట్ ఇస్తారు. సర్టిఫికెట్ అడగడానికి మొహమాటపడొద్దు.