పర్లాకిమిడి రాజావారి బడి

ఒక ఊరికి కీర్తి తెచ్చేవి కోటలు, కోవెలలు, నదీతీరాలు అని చెప్పుకొనడం లోకంలో వాడుక. పర్లాకిమిడికి వాటిలో దేనికీ కొదువ లేదు. గజపతుల రాజభవనం ఉన్నది. ఊరిని ఒరసికొని మహేంద్రతనయ పారుతున్నది. అయినా చదువుకొన్న తెలుగువాడు ఈ ఊరి పేరు వినగానే ముందుగా తలచుకొనేది ఒక బడిని. ఆ బడిలో 1880లో ముప్పది రూపాయల జీతం మీద చేరిన ఒక చరిత్రోపాధ్యాయుణ్ణి. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. అప్పటికి వారికి పద్దెనిమిదేండ్లు నిండలేదు.

మా కుటుంబం తరతరాలుగా ఈ ఊరిదే. మా తాతగారు రాజావారి ఉన్నత పాఠశాలలో చదివినవారు. వారు చేరేనాటికి పంతులుగారు ఉద్యోగం విరమించినారు. అందుచేత వారి పాఠం వినే భాగ్యం తాతగారికి కలుగలేదు. కాని బడి ముచ్చట్లు చెప్పడం మొదలుపెడితే ఆయనకు అన్నం వేళ కూడా గుర్తుండేది కాదు. చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చిన పిల్లలు ఊరిలో వారాలు చేసుకొని చదివేవారట. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోజనం. ఎవరో ఒకరి అరుగుమీద పడక. నలుగురికీ కలిసి ఒక్క బుడ్డిదీపం. 1900లో నౌపడానుండి సన్నపట్టాల రైలు వచ్చినది మొదలు, దూరపు గ్రామాల పిల్లలు పండుగకు ఇంటికి పోయిరావడం సులభమయినది. అంతవరకు బండియో, కాలినడకయో శరణ్యం.

ఆ పిల్లల చదువులో ఒక విచిత్రం ఉండేది. తాతగారు దానిని నవ్వుతూ చెప్పేవారు గాని, అది నవ్వుకొని విడిచిపెట్టదగినది కాదు. ఇంట తల్లితో “వస్తానమ్మా” అని చెప్పి వచ్చిన కుర్రవాడు బడిలో “వచ్చెదను” అని వ్రాయవలెను. తల్లి చెప్పినట్లు వ్రాస్తే తప్పు. ఎవరూ ఎన్నడూ మాట్లాడనట్లు వ్రాస్తే ఒప్పు. ఇంగ్లీషు వ్యాసంలో నాలుగు వాక్యాలు ధైర్యంగా వ్రాయగలిగిన పిల్లవాడికి సొంతభాషలో కలం ఆగిపోయేది.

ఈ చిక్కును విప్పడానికి పూనుకొన్నవారు ఒక తెలుగు పండితుడు కాక, చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయుడు కావడం గమనింపదగినది. పంతులుగారు పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టినారు. విజయనగరంలో గురజాడ అప్పారావుగారితో కలిసి చదివినారు. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూనే స్వయంకృషితో పై పరీక్షలు పూర్తిచేసినారు. 1896లో ఆ విద్యాలయం కళాశాల అయినది. వారికి పై తరగతులకు బోధించే యోగ్యత కలిగినది. బరంపురంలో పుట్టిన తాపీ ధర్మారావుగారు ఆ కళాశాలలోనే వారికి శిష్యులైనారు. 1911లో పంతులుగారు ఉద్యోగం విరమించినారు.

అయితే వారి అసలైన విద్యార్థిదశ బడి గోడల వెలుపల గడిచినదని నేను అనుకొంటాను. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాషకు తెలుగుతోగాని, ఒడియాతోగాని చుట్టరికం లేదు; అది ముండా భాషలలో ఒకటి. అప్పటికి దానికి పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. పంతులుగారు రెండు భాషలూ వచ్చిన ఒక మనిషిని ఇంట పెట్టుకొని సవర నేర్చుకొన్నారు. కొండలలో తిరిగినారు. మన్యపు జ్వరాలకు పుచ్చుకొన్న క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకొన్నారు. సవర భాషలో పుస్తకాలు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించినారు. ఇతరుల మాటలు వినడానికి తన చెవులను అర్పించుకొన్న పండితుడు మరొకరు కలరేమో నాకు తెలియదు. వారి సవర వ్యాకరణం 1931లో వెలువడినది. 1934లో ప్రభుత్వం వారికి కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చినది.

తెలుగు బోధనలో సంస్కరణ కోసం వారు పోరు సాగించినది ఈ పని ఆరంభించిన చాలా ఏండ్ల తరువాత. 1907 ప్రాంతంలో ఉత్తర జిల్లాల బడులను తనిఖీ చేయడానికి వచ్చిన జె. ఏ. యేట్స్ దొరగారు, జనం మాట్లాడే తెలుగుకూ తరగతిలో వినబడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని ప్రశ్నించినారు. అప్పుడు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడవారు, పంతులుగారు ఆ ప్రశ్నను చేపట్టినారు. 1912-13లో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలోగాని, ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని అనుమతి వచ్చినది. పండితులు తీవ్రంగా ప్రతిఘటించినారు. వాదం ఏండ్ల తరబడి సాగినది. ఆ వాదాల వివరం అందరికీ తెలిసినదే కనుక విస్తరింపను.

నాకు ముఖ్యమని తోచేది ఈ వరుస. వ్రాతలేని సవర భాషకు చక్కని నియమాలున్నవని కన్నులార చూచిన మనిషి, బజారులోని తెలుగుకు నియమాలు లేవంటే ఎట్లా నమ్మగలడు? పొరుగువాని బిడ్డకు తల్లిభాషలో చదువు కావలెనని ముందు పాటుబడి, తరువాత తన వారి బిడ్డలకు అడిగినవారు కనుకనే వారి వాదంలో స్వార్థం వెదకినా దొరకదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినది. పర్లాకిమిడి అందులో చేరినది. పంతులుగారు అరువది ఏండ్లకు సమీపంగా కాపురమున్న ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నారు. 1940 జనవరి 22న వారు కన్నుమూసినారు. మా వంటి కుటుంబాలు ఇక్కడనే నిలిచిపోయినవి. నది దాటితే పాతపట్నం, ఆంధ్రదేశం. కాలినడకను పోదగిన దూరం. కాని బడి విషయంలో ఆ కొద్దిపాటి దూరమే చాలా దూరమయినది.

నేను బడికి పోయిన రోజులలో ఇంట తెలుగు, తరగతిలో ఒడియా, వీథిలో రెండూ. ఒడియా మాకు పరభాష అని నేను ఎన్నడూ అనుకొనలేదు. మా స్నేహాలు, జీవనాలు, పెండ్లి పిలుపులు అన్నీ దానితో పెనవేసుకొన్నవి. అది మాకు అన్నం పెట్టిన భాష. కాని నేడు మా ఇండ్లలో పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడుతారు, చదువలేరు. మా మనుమరాలు తాతగారి చేతివ్రాత కాగితం చూచి, “ఇందులో ఏమున్నది తాతా, చదివి చెప్పవూ?” అని అడిగినది. చదివి చెప్పినాను. నా తరువాత ఎవరు చెబుతారన్నది నన్ను వేధించే ప్రశ్న. తాతగారి కాలంలో పిల్లవానికి ఇంటి మాటకూ బడి వ్రాతకూ మధ్య ఒక గోడ ఉండేది. ఇప్పుడు ఇంటి మాటకు వ్రాతే లేకుండా పోతున్నది. ఒకప్పుడు సవర బిడ్డ ఉన్న చోటికే మన బిడ్డలు చేరుతున్నారు.

సవరలు మాత్రం ఊరకుండలేదు. పంతులుగారు ఊరు విడిచిన ఆ 1936లోనే మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొంత లిపి కల్పించినారు. దానిని ‘సొరంగ్ సొంపెంగ్’ అంటారు. కొండ మీది వారికి ఉన్న పట్టుదల పట్టణంలోని మనకు లేకపోవడం సిగ్గుచేటు కాదా?

కనుక సోదర కుటుంబాలవారికి నా మనవులు రెండు. మొదటిది: ప్రభుత్వం ఏమి చేయవలెనో అడుగుదాము, తప్పక అడుగవలెను, కాని అంతవరకు ప్రతి ఇంటిలోను రోజుకు ఒక అరగంట పిల్లలచేత తెలుగు చదివించి వ్రాయించవలెను. గొప్ప గ్రంథాలు అక్కరలేదు. అమ్మమ్మకు ఉత్తరం, సరుకుల పట్టీ, వారు నోట పలికే మాటలే వ్రాయనివ్వండి. పంతులుగారు కోరినది కూడా అంతే. రెండవది: వారి పుట్టినరోజైన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆ సభలో మన బిడ్డలకు తెలుగు కావలెనని తీర్మానించేటప్పుడు, సవర బిడ్డకు సవర కావలెననే వాక్యం కూడా అందులో చేర్చవలెను. ఆ వాక్యం లేని తీర్మానం మీద పంతులుగారు చేవ్రాలు చేసేవారు కారు.