హెవీవెయిట్లలో నా వరుస ఇదీ

ఈసారి ఎరువుల రేట్లు, పురుగు మందులు పక్కన పెడదాం. మొక్కజొన్న కంకి పట్టిన దగ్గర్నుంచి రాత్రిళ్ళు మంచె మీదే ఉంటున్నా, పందుల కాపలా. నిద్ర ఆపుకోడానికి ఫోనులో పాత బాక్సింగ్ పోటీలు చూడడం అలవాటైంది. మా కుర్రాళ్ళని ఎవర్ని కదిపినా టైసనే నంబర్ వన్ అంటారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తా, తీర్పు మీదే.

టైసన్ 1986లో 20 ఏళ్ళకే ఛాంపియన్ అయ్యాడు. అంత చిన్న వయసులో హెవీవెయిట్ పట్టం ఇంకెవరికీ రాలేదు. ఆ నాలుగేళ్ళ పోటీలు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ 1990లో టోక్యోలో, ఎవరూ లెక్కలోకి తీసుకోని బస్టర్ డగ్లస్ చేతిలో పడిపోయాడు. తర్వాత బెల్టులు గెలిచాడు గానీ పాత టైసన్ మళ్ళీ కనపడలా. ఒక ఏడు పంట విరగ పండిందని మనం ఏ పొలాన్నైనా ఎక్కువ కౌలుకి తీసుకుంటామా? కరువులో ఎంత ఇచ్చిందో కూడా అడుగుతాం కదా.

మార్సియానోది ఇంకో లెక్క. 49 పోటీలు, 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు. ఓటమే లేదు. అయితే ఆయన కొట్టిన పెద్ద పేర్లు చూడండి. 1951లో జో లూయిస్‌ని పడగొట్టేసరికి లూయిస్‌కి 37 ఏళ్ళు, మరుసటేడు వాల్కాట్‌కి 38. ఎద్దుల వయసు చూడకుండా పందెం లెక్కేస్తే ఎలా?

నా లెక్కలో మొదటివాడు మహమ్మద్ అలీయే. 1967లో వియత్నాం యుద్ధానికి వెళ్ళనన్నందుకు పట్టం లాగేశారు. 25 ఏళ్ళ వయసు, ఒళ్ళు మంచి పదునులో ఉన్న కాలం. మూడున్నరేళ్ళు రింగు ఎక్కనివ్వలేదు. తిరిగొచ్చాక 1971లో ఫ్రేజియర్ చేతిలో ఓడాడు. ఆ ఫ్రేజియర్‌ని 1973లో జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. అలాంటి ఫోర్‌మన్‌తో 1974లో జైర్ దేశంలోని కిన్షాసాలో అలీ తలపడ్డాడు. అలీకి 32, ఫోర్‌మన్‌కి 25. అలీ తాళ్ళకి ఆనుకుని, చేతులు అడ్డం పెట్టుకుని, కొట్టుకో నాయనా అన్నట్టు నిలబడ్డాడు. కొట్టీ కొట్టీ ఫోర్‌మన్ చేతులు బరువెక్కాయి. ఎనిమిదో రౌండులో అలీ పడగొట్టేశాడు. మరి ఆ దెబ్బలు ఊరికే పోతాయా? 1984లో ఆయనకి పార్కిన్సన్స్ జబ్బని చెప్పారు. 1980లో హోమ్స్‌తో పోటీ ఒప్పుకోకుండా ఉండాల్సింది.

రెండోవాడు జో లూయిస్. ఈయన కథ మనవాళ్ళకి బాగా అర్థమవుతుంది. అలబామాలో పాలికి సేద్యం చేసుకునే నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. 1937 నుంచి 1949 దాకా ఛాంపియన్, 25 సార్లు పట్టం నిలబెట్టుకున్నాడు. హెవీవెయిట్లో ఆ లెక్క ఇప్పటికీ ఎవరూ దాటలేదు. 1936లో తనని ఓడించిన జర్మనీ ష్మెలింగ్‌ని 1938లో మొదటి రౌండులోనే ముగించాడు. యుద్ధం వచ్చినప్పుడు రెండు పోటీల డబ్బు సైనికుల, నావికుల సహాయ నిధులకి ఇచ్చేశాడు. అంత ఇచ్చినవాడి మీద పన్ను బాకీ వడ్డీతో సహా పెరిగిపోయింది. రిటైరైన మనిషి ఆ అప్పు తీర్చడానికే మళ్ళీ గ్లవ్స్ తొడిగాడు. 37 ఏళ్ళప్పుడు మార్సియానో చేతిలో పడింది అందుకే. ఆ పోటీ నేను పూర్తిగా చూడలేను, మధ్యలోనే ఆపేస్తా.

మూడు ఫోర్‌మన్. 1974లో పోయిన పట్టాన్ని 1994లో, 45 ఏళ్ళ వయసులో మళ్ళీ గెలిచాడు. అవతల మూరర్‌కి 26. పాయింట్లలో వెనకబడి ఉండి, పదో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బతో తేల్చేశాడు. మన వయసు వాళ్ళు తప్పకుండా చూడాల్సిన పోటీ.

నాలుగు మార్సియానో, ఐదు హోమ్స్. ఆరు ఫ్రేజియర్, ఈయనా సౌత్ కరోలినా పొలాల్లో పెరిగినవాడే. చిన్నప్పుడు పంది తరిమితే కింద పడి ఎడమ చెయ్యి దెబ్బతింది. వైద్యానికి డబ్బుల్లేక వంకరగానే అతుక్కుంది. 1971లో అలీని పదిహేనో రౌండులో కింద పడేసింది ఆ చెయ్యే!

టైసన్‌ని ఏడులో పెట్టా. కుర్రాళ్ళు కోప్పడితే పడనీండి.