ఎరుగని ఓడ

కొత్త కొట్లో చీర కొనడానికే మనవాళ్ళు ఇద్దరు ముగ్గురిని వాకబు చేస్తారు. వైద్యుణ్ణి మార్చవలసి వస్తే పదిమందిని అడుగుతారు. మరి కాలి కింద నేల లేకుండా, నిన్నటివరకు పేరైనా వినని వారి చేతుల్లో మూడు నాలుగు రోజులు గడపడానికి ఎందరిని అడగాలి? ఈ లెక్క తేల్చుకోవడానికి 2025 వేసవిలో నాకు ఆరు వారాలు పట్టింది. ఆ ప్రయాణం ఎలా సాగిందో ఇక్కడ చెప్పబోవడం లేదు. ఎక్కాలా, మానాలా అన్నంతవరకే ఈ రాత. నౌకల గొడవ పట్టనివారు మధ్యలో లియర్ మహారాజు దగ్గర కాసేపు ఆగి వెళ్ళిపోయినా నేనేమీ అనుకోను.

విషయానికి మూలం మా అమ్మ. ఆమెకు 76 ఏళ్ళు. సముద్రం ఒడ్డున పుట్టి, ఆ ఒడ్డునే కాపురం చేసి, ముగ్గురు పిల్లల్ని పెంచి, ఓడల కూతలు వింటూ వృద్ధురాలైన ఆ మనిషి ఏనాడూ ఓడ ఎక్కలేదు. ఎక్కినవారు తాతగారు. భీమునిపట్నం దగ్గరి పల్లె నుంచి కూలికోసం రంగం వెళ్ళారాయన. (రంగూన్‌ను మా వైపు పెద్దలు రంగమనే అంటారు. అక్కడివారు మనవాళ్ళను కోరంగీలని పిలిచేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరే ఒక జాతి పేరైపోయింది.) విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల్లో బ్రిటిష్ ఇండియా కంపెనీ పొగఓడ ఎక్కి, పైతట్టు మీద చాప పరుచుకుని బంగాళాఖాతం దాటిన వేలాదిమందిలో ఆయనొకరు. 1941 డిసెంబరులో జపానువారు రంగూన్ మీద బాంబులు వేశాక, తిరుగు ప్రయాణానికి ఓడ దొరకనివారు కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారు. తాతగారూ అలాగే వచ్చారు. ఆ నడక గురించి ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదట. వెళ్ళేటప్పటి ఓడ గురించి మాత్రం కూతురికి మళ్ళీ మళ్ళీ చెప్పారు: రాత్రిపూట తట్టు మీద వెల్లకిలా పడుకుంటే చుక్కలు ఎక్కడ ముగిసి నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో తెలిసేది కాదని.

అమ్మ కోరిక కూడా అంతే. ఒడ్డు కనపడని చోట ఒక్క రాత్రి పడుకోవాలి. సింగపూరు చూపించమని గానీ, మరో దేశం తీసుకువెళ్ళమని గానీ ఆమె అడగలేదు. అడిగి ఉంటే పని సులువయ్యేది.

తెలిసిన దారి ఒకటి ఉంది. అండమాన్‌కు వెళ్ళే ప్రయాణికుల నౌకలు. పెళ్ళయిన కొత్తలో విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేను ఆ నౌకలో వెళ్ళాను. ఇంజను వేడి, డీజిలు వాసన, బంకు పడకలు, పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడడం అన్నీ బాగా గుర్తున్నాయి. అది ద్వీపవాసుల అవసరానికి నడిచే ఓడ; దాని దగ్గర విలాసాన్ని ఆశించడం అన్యాయం. కాని మోకాళ్ళు అరిగి, గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషిని ఆ నిట్రమైన ఇనుపమెట్లు ఎక్కించడం నా వల్ల అయ్యే పని కాదు. రెండో దారి అమెరికాలో ఉన్న తమ్ముడిది. "అక్కా, ఎక్కితే సింగపూర్ వెళ్ళి పేరున్న కంపెనీ ఓడ ఎక్కండి. ఊరూ పేరూ లేనివాళ్ళతో నువ్వు ప్రయోగాలు చేయకు, అదీ అమ్మ మీద" అన్నాడు వాడు. మాట కటువుగా ఉన్నా కొట్టివేయదగ్గది కాదు. అయితే ఆ ఓడ కోసం ముందు విమానమెక్కాలి. అమ్మకు విమానమంటే పడదు.

మూడోది మా ఊరి రేవుకే వచ్చే ఓడ. కార్డీలియా క్రూయిజెస్ అన్న కంపెనీ నౌక 'ఎంప్రెస్' 2022 జూన్‌లో తొలిసారి విశాఖ వచ్చింది. నైరుతి ఋతుపవనాల కాలంలో పడమటి సముద్రం పోటెక్కి ఉంటుంది కనుక ముంబై వైపు తిరిగే నౌకను తూర్పు తీరానికి మళ్ళించడమన్నది వారి ఆలోచన. సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ కూడా 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో ప్రారంభమయింది. ఇంటి నుంచి ఆటోలో వెళ్ళి ఓడ ఎక్కవచ్చునన్నమాట. చెన్నైకి రైలులో ఒక్క రాత్రి ప్రయాణం. అదే ఊరికి ఎన్నో రెట్లు ఎక్కువ సొమ్ము పోసి, ఎంతో ఆలస్యంగా చేరడం ఈ ఓడ ప్రత్యేకత. ఈ మాట మా ఆడపడుచు అన్నది. నాకు జవాబు తోచలేదు.

ఇక్కడ ఆ పేరు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కార్డీలియా అనగానే సాహిత్యం చదివినవారికి లియర్ మహారాజు చిన్న కూతురు గుర్తుకు వస్తుంది. తండ్రి మీద ప్రేమ ఎంతో చెప్పమంటే అక్కలిద్దరూ ఆకాశానికి నిచ్చెనలు వేస్తారు. ఈమె మాత్రం ఉన్నదానికన్న ఒక్క మాట ఎక్కువ చెప్పనంటుంది, రాజ్యం పోగొట్టుకుంటుంది. ప్రపంచ సాహిత్యంలో ప్రకటనల పనికి బొత్తిగా పనికిరాని పాత్ర ఏదైనా ఉంటే అది ఆమెదే. ఆమె పేరు పెట్టుకున్న ఓడ గురించిన కరపత్రంలో అన్నీ అక్కల మాటలే! సరే, కంపెనీవారు ఏ ఉద్దేశంతో పెట్టుకున్నారో నాకెందుకు గానీ, ఆ తండ్రి ముసలితనంలో ఆసరాకు వచ్చింది ఆ కూతురేనన్నది కూడా మనసులో మెదిలింది. శకునాలు చూసుకునే అలవాటు లేదు. అయినా మెదిలింది.

కంపెనీ కొత్తదే గాని ఓడ కొత్తది కాదు. ఇది నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి, అన్నిటికన్న ముఖ్యమైనదీనూ. ఫ్రాన్సులోని సెయింట్ నజేర్ నౌకాశాలలో కట్టగా 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' పేరిట రాయల్ కరీబియన్‌లో చేరింది. మయామీ నుంచి బహామాస్ దీవులకు మూడు నాలుగు రోజుల ప్రయాణాలకోసమే ప్రత్యేకంగా రూపొందించిన నౌక. 2004లో 'ఎంప్రెస్ ఆఫ్ ది సీస్' అయింది; 2008లో స్పెయిన్ దేశపు పుల్‌మాంటూర్‌కు వెళ్ళింది; 2016లో పుట్టింటికి తిరిగివచ్చి 2019 వరకు క్యూబాకు యాత్రికులను మోసింది; కోవిడ్ ఏడాది చివర అమ్ముడై 2021లో ముంబై నుంచి కొత్త కాపురం పెట్టింది. దాదాపు 800 గదులు, 48,500 టన్నుల పైచిలుకు. (ఈ టన్నులు బరువు కావు. ఓడ లోపలి చోటు ఎంతో చెప్పే కొలత. మా తమ్ముడితో అరగంట వాదించి నెగ్గిన ఏకైక అంశం ఇదే.)

1990లోనే పుట్టిన మరో నౌక కథ కూడా చదివాను. పేరొందిన ఇటాలియను వాస్తుశిల్పి రెంజో పియానో చేతులమీదుగా రూపుదిద్దుకున్న 'క్రౌన్ ప్రిన్సెస్'. పేర్లు మారి మారి ఆస్ట్రేలియా వైపు 'పసిఫిక్ జ్యువెల్'గా తిరిగి, 2019లో 'కర్ణిక' అయి జలేశ్ క్రూయిజెస్ అనే భారతీయ కంపెనీ పేరిట ముంబై చేరింది. ఏడాది తిరిగేసరికి కోవిడ్, అప్పులు, వేలం. 2020 నవంబరులో గుజరాత్‌లోని అలంగ్ తీరంలో తుక్కు కింద విరగ్గొట్టడానికి ఒడ్డెక్కించారు. ఇద్దరూ ఒక ఈడువారే, ఇద్దరూ నడివయసులో మన దేశానికి కోడళ్ళై వచ్చినవారే. ఒకరి జాతకం ఏడాదిలో ముగిసింది. దీన్నిబట్టి నాకు అర్థమయింది ఏమిటంటే, ఓడ గట్టిదా కాదా అన్నది ఒక ప్రశ్న, కంపెనీ నిలుస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి భయపడితే ఆరేడు నెలల ముందు డబ్బు కట్టకుండా ఉంటే సరిపోతుంది. భయపడవలసింది మొదటిదానికే.

భయం అనగానే కచ్చులూరు గుర్తుకు రాకమానదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ గోదావరి వరదలో మునిగిపోయిన రోజు మనలో ఎవరికీ మరపు రాదు. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చి బోటును పైకి తీసేసరికి నెల దాటింది. ఆ తరువాత మా ఇంట్లో "పడవ" అన్న మాట వస్తే అమ్మ తప్ప అందరూ మాట మార్చేవారు. తమ్ముడి కోపం వెనుక ఉన్నది కూడా అదేనని నాకు తెలుసు. కాని నది బోటుకూ, అంతర్జాతీయ నియమాలకు లోబడి తిరిగిన సముద్ర నౌకకూ తేడా ఉంది. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో దేశాలు కూర్చుని సముద్రంమీద ప్రాణరక్షణకు తొలి ఒప్పందం రాసుకున్నాయి. సవరణలమీద సవరణలతో అది నేటికీ పెరుగుతూనే ఉంది. మండే సామగ్రితో కట్టిన పాత ప్రయాణికుల నౌకలు 2010 అక్టోబరు నుంచి అంతర్జాతీయ ప్రయాణాలకు పనికిరాకుండా పోయాయి. ఈ నౌక ఆ తరువాత కూడా పదేళ్ళు దేశదేశాలు తిరిగింది. 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా ఒరిగి 32 మంది చనిపోయాక, ఆపద వస్తే ఎక్కడ గుమికూడాలో చూపే కసరత్తును ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే, చేయించి తీరాలన్న నియమం వచ్చింది. అంతకుముందు ఇరవైనాలుగు గంటల్లోగా ఎప్పుడైనా చేయించవచ్చుననేవారట. ఇవన్నీ చదివాక ధైర్యం వచ్చిందనను; భయపడవలసినదేదో, అక్కరలేనిదేదో వేరుపడింది.

ఎక్కివచ్చిన వారి మాటలు కూడా చదివాను. స్వర్గమన్నవారినీ, నరకమన్నవారినీ పక్కన పెట్టి, మధ్యస్థంగా రాసినవారిని వెతుక్కున్నాను. భోజనం బాగుందా లేదా అన్నదానిమీద మనవాళ్ళు రాసినంత ఇంకదేనిమీదా రాయరు. నాకు పనికివచ్చిన మాటలు వేరు: భోజనవేళ లిఫ్టుల దగ్గర జనం, రాత్రి పొద్దుపోయేదాకా సంగీతం, ప్రకటించిన రేవులో దిగలేకపోవడం. చివరిది ఉత్తమాట కాదు. 2022 జూన్‌లో ఈ నౌక మొదటిసారి పుదుచ్చేరి వైపు వెళ్ళినప్పుడు, లోపల ఉన్న జూదశాల గురించి అభ్యంతరాలు వచ్చి అక్కడ ఆగడానికి అనుమతి దొరకలేదు. రేవులకోసం వెళ్ళేవారికి అది నష్టమే. ఒడ్డు కనపడని చోటు కోరుకున్న మా అమ్మకు మాత్రం రేవు తప్పిపోతే లాభం!

వందేళ్ళ కిందట తూత్తుకుడిలోనూ ప్రయాణికులు ఇలాగే తటపటాయించి ఉంటారు. 1906లో చిదంబరం పిళ్ళై స్వదేశీ ఓడల కంపెనీ పెడితే, మా తాతగారిని మోసిన ఆ బ్రిటిష్ ఇండియా కంపెనీయే ఛార్జీలు తగ్గించి తగ్గించి, చివరికి ఊరికే ఎక్కించుకుని చేతికొక గొడుగు కూడా ఇచ్చిందని చెప్పుకుంటారు. గొడుగు వదులుకుని ఎరుగని ఓడ ఎక్కినవారికి దేశమన్న ఆసరా ఉంది. నాకు అటువంటి గొప్ప కారణమేదీ లేదు.

చివరికి తేల్చినది గుండె వైద్యులు. స్టెంటు వేసి రెండేళ్ళు దాటింది, మందులు తప్పకుండా వేసుకుంటే వెళ్ళవచ్చు, మూడేళ్ళు ఆగితే మోకాళ్ళే వెళ్ళనివ్వవు అన్నారాయన. ఆ మూడేళ్ళ మాటతో తమ్ముడు కూడా మెత్తబడ్డాడు. వాడి షరతులు మూడు: ప్రయాణ బీమా, కంపెనీకి ముందుగానే మందుల వివరం, తుఫాను హెచ్చరిక వస్తే డబ్బు పోయినా మానుకోవడం. హుద్‌హుద్ 2014 అక్టోబరులో మా మేడ మీది నీళ్ళ ట్యాంకును ఎత్తుకుపోయింది కనుక మూడోది వాడు చెప్పనక్కరలేదు. గది విషయంలో నేను డబ్బు చూసుకోలేదు, ఊపు చూసుకున్నాను. ఎంత పైకి, ఎంత కొసకు పోతే ఓడ అంత ఊగుతుంది. కనుక బాల్కనీ గదులు వదిలేసి, కింది అంతస్తులో, ఓడకు నడిమిన, లిఫ్టుకు దగ్గరగా, కిటికీ ఉన్న గది తీసుకున్నాను. ప్రకటనలో చూపిన ధర తలసరి ధర అనీ, రేవు సుంకాలూ పన్నులూ అందులో లేవనీ కట్టేటప్పుడు గాని మనిషికి పూర్తిగా బోధపడదు.

డబ్బు కట్టి లేచేసరికి అమ్మ వెనక నిలబడి ఉంది. గది గురించి అంతా చెప్పాను. ఓపికగా విన్నది.

"కిటికీ తెరుచుకుంటాదేటే?" అంది.

"తెరుచుకోదమ్మా. అద్దంలోంచి చూడడమే."

"అయితే నానక్కడ పడుకోను. పైన చాపేసుకుంటాను."

రాత్రివేళ పైతట్టు మీద పడకకుర్చీలు ఉంచుతారా, తీసేస్తారా అని కంపెనీవారికి ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను.