స్కానర్‌లో ఏమీ లేదంటే బండిలో ఏమీ లేదని కాదు



ఈసారి పంట సంగతి కాదు, కారు సంగతి. నాలుగు డబ్బులు చేతికి రాగానే మన ఊళ్ళలో చాలామంది చూపు పాత కారు మీదికే పోతుంది. కొత్తది కొనే తాహతు లేదు, ఆటోల్లో పడి తిరిగే ఓపికా లేదు. నేనూ ఆ దారిలోనే పోయి దెబ్బ తిన్నాను. మొన్న మా వీధి తమ్ముడొకడు బండి చూడ్డానికి తోడు రమ్మంటే వెళ్ళొచ్చాను. ఆ రెండు సంగతులూ కలిపి రాస్తున్నా. పొడుగవుతుంది, తీరికగా చదవండి.

నాది మూడున్నర ఎకరాల సొంతం, ఇంకో రెండెకరాలు కౌలు. 2023లో మిర్చి రేటు ఎట్లా ఉందో మీకు తెలుసు. గుంటూరు యార్డులో క్వింటా ఇరవై వేలు దాటిన రోజులవి. పురుగుమందుల కొట్లో బాకీ, సొసైటీ బాకీ తీర్చాక చేతిలో నాలుగు లక్షల దాకా మిగిలింది. అమ్మకి కంటి ఆపరేషను చేయించాలి, మా ఇంటావిడకి మోకాళ్ళు పట్టేశాయి, ఆసుపత్రికి ముప్పై కిలోమీటర్లు పోవాలి. కారు ఉంటే బాగుండనిపించింది. మూడు లక్షల అరవై వేలకి ఒక డీజిల్ కారు బేరం కుదిరింది. కంపెనీ పేరు రాయను, తప్పు కంపెనీది కాదు.

అమ్మినాయన పాత కార్ల వ్యాపారి. "పెద్దాయనా, మీ అనుమానం మీకుంటుంది, నా మాట నమ్మొద్దు, కంప్యూటర్ మాటే నమ్మండి" అని అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బీ ఒకటి తీసి స్టీరింగ్ కింద గుచ్చాడు. ఫోన్‌లో ఏదో నొక్కాడు. పచ్చటి టిక్కు పడింది. తప్పులేమీ లేవు అని ఇంగ్లీషులో వచ్చింది. ఇంటర్ దాకా చదివినవాణ్ణి కదా, ఆ రెండు ముక్కలు చదవగలిగానని సంబరం కూడాను. మనిషి మాటైతే పది రకాలుగా అడిగేవాణ్ణి. ఆ తెర చూసి నోరు మూసుకుని డబ్బు లెక్కపెట్టాను.

సరిగ్గా పదకొండో రోజు. అమ్మకి ఆపరేషను చేయించుకుని వస్తున్నాం, కంటికి కట్టు ఉంది. సగం దారిలో డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ పసుపురంగులో వెలిగింది. ఎంత తొక్కినా బండి నలభై దాటలా. ఇంకో రెండు కిలోమీటర్లకి ఆగిపోయింది, మళ్ళీ స్టార్ట్ కాలా. రాత్రి ఎనిమిదిన్నర. అమ్మ వెనక సీట్లో కూర్చుని "ఊరొచ్చిందా అబ్బాయ్" అని అడుగుతోంది. ఏం చెప్పాలి? అటుగా పత్తి లోడు దించి వస్తున్న ట్రాక్టరాయన తాడు కట్టి లాక్కొచ్చాడు. డీజిల్‌కి డబ్బిస్తానంటే తీసుకోలేదు, ఆ పుణ్యాత్ముడు.

మర్నాడు మెకానిక్ కుర్రాడు తన స్కానర్ పెట్టి చూశాడు. పీ0087 అని వచ్చింది. అంటే ఇంజెక్టర్లకి డీజిల్ పంచే పైపులో ప్రెషర్ తక్కువుందని. మన డ్రిప్పు లెక్కలో చెప్తాను. మోటారు నీళ్ళు తోస్తూనే ఉంటుంది, లేటరల్ పైపులు అక్కడక్కడా కారిపోతుంటే చివరి మొక్కకి అందదు. అట్లాగే నా బండిలో ఇంజెక్టర్లు అరిగి డీజిల్ వెనక్కి కారిపోతోంది, పైపులో ప్రెషర్ నిలవట్లేదు. ఇంజెక్టర్లు, వాషర్లు, ఫిల్టరు, కూలీ అన్నీ కలిపి అరవై రెండు వేలైంది. అరెకరం మిర్చి పెట్టుబడి.

"మరి నాకు చూపించినప్పుడు ఏమీ లేదని వచ్చిందేమయ్యా?" అని అడిగాను. ఆ కుర్రాడు నవ్వాడు. "బాబాయ్, నువ్వెళ్ళే ముందు క్లియర్ కొట్టుంటాడు. బోరు మోటారు ట్రిప్ అయితే స్టార్టర్ మీద ఎర్ర బటన్ నొక్కుతావు కదా, మళ్ళీ తిరుగుతుంది. నొక్కినంత మాత్రాన మోటార్లో జబ్బు పోయిందా?"

అప్పుడు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పశువుల సంతలో నన్నెవడూ మోసం చేయలేడని నాకు పేరు. ఒక పూట పాలు పితక్కుండా సంతకి తెస్తే గేదె పొదుగు నిండుగా కనపడుతుంది. అందుకే రెండు పూటలూ దగ్గరుండి పితికించి చూస్తేగాని బయానా ఇవ్వను. అదే మాయ కారులో చేస్తే గుర్తుపట్టలేకపోయాను.

ఆ కోపంతోనే నేనూ ఒక స్కానర్ కొన్నా, తొమ్మిది వందలు పెట్టి. ఈఎల్ఎమ్ 327 అంటారు. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలుస్తుంది, పిన్ అడిగితే 1234 గాని 0000 గాని కొట్టాలి. ఫోన్‌లో టార్క్ గాని, కార్ స్కానర్ అనే యాప్ గాని వేసుకోవాలి. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చి తాళం ఆన్ చేస్తే చాలు. మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లకి పనికొస్తుంది, అంతకన్నా పాతవాటికి కలవొచ్చు, కలవకపోవచ్చు. మరీ చవక డబ్బీలు సగం వివరాలు చూపించవు. ఇంకో సంగతి, ఈ చిన్నది ఇంజను సంగతే చెప్తుంది. ఎయిర్ బ్యాగులు, ఏబీఎస్ గురించి చెప్పాలంటే పెద్ద స్కానర్ కావాలి.

అసలు చూడాల్సింది తప్పులున్నాయా లేదా అని కాదు. ఎప్పటినుంచి లేవు అని చూడాలి. యాప్‌లో వెతికితే కోడ్లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఒక లెక్క ఉంటుంది. అది వేలల్లో ఉంటే మంచిదే. మూడో, ఏడో కిలోమీటర్లుంటే మీరొస్తున్నారని తెలిసి చెరిపారన్నమాట. కొన్ని బండ్లు ఈ లెక్క ఇవ్వవు. అప్పుడు రెడీనెస్ మానిటర్లు చూడండి. బండి నడుస్తుంటే లోపలి కంప్యూటర్ ఒక్కో భాగాన్నీ తనే పరీక్ష చేసుకుంటుంది. పరీక్ష అయిపోతే కంప్లీట్ అని, కాకపోతే ఇన్‌కంప్లీట్ అని చూపిస్తుంది. కోడ్లు చెరిపితే ఈ పరీక్షలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. అవి పూర్తి కావాలంటే ఊళ్ళోనూ హైవే మీదా కొన్ని రోజులు తిరగాలి, అమ్మేవాడు కూర్చున్నచోట కూర్చుని వాటిని పూర్తి చేయించలేడు. పెండింగ్ కోడ్లని ఇంకొకటుంటుంది. లైటు వెలిగేదాకా రాని, అప్పుడే మొదలైన జబ్బులు అందులో కనపడతాయి. అదీ తెరిచి చూడండి.

ఇంకా తేలికది ఒకటుంది, దానికి స్కానర్ కూడా అక్కర్లేదు. తాళం ఆన్ చేయండి, ఇంజను స్టార్ట్ చేయొద్దు. ఇంజను బొమ్మ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ముందే వెలగలేదంటే లైటుకి ఎవడో వైద్యం చేశాడనే లెక్క.

ఇప్పుడు తమ్ముడి సంగతి. మొన్న వేసవిలో పెట్రోల్ కారొకటి చూసుకున్నాడు, 2017 మోడల్, నాలుగు లక్షల పది వేలు. నాకు చెప్పకముందే పది వేలు బయానా ఇచ్చేశాడు. పొద్దున్నే పోయాం. ముందుగా ఫోన్ చేసి "ఇంజను స్టార్ట్ చేసి ఉంచొద్దు, చల్లగా ఉన్నప్పుడే చూస్తాం" అని చెప్పించాను. పోయి బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అక్కడే నాకు సగం మనసు విరిగింది.

స్కానర్ పెట్టాం. తప్పులు లేవు. తమ్ముడు నావైపు గెలిచినట్టు చూశాడు. కిలోమీటర్ల లెక్క తీశాను, ఆరు. మానిటర్లలో క్యాటలిస్టూ ఇన్‌కంప్లీటే, ఆక్సిజన్ సెన్సారూ ఇన్‌కంప్లీటే. అడిగితే "నిన్ననే కొత్త బ్యాటరీ వేశాం అన్నా, అందుకే" అన్నాడు. అది అబద్ధమని చెప్పలేం. బ్యాటరీ తీసినా కొన్ని బండ్లలో ఇవన్నీ పోతాయి. "సరే, రెండు రోజులు మీరే తిప్పండి, మళ్ళీ వచ్చి చూస్తాం, అప్పుడు మీరడిగిన రేటే ఇస్తాం" అన్నాను. ఒప్పుకోలేదు, సాయంత్రం ఇంకో పార్టీ వస్తోందన్నాడు.

సీటు బెల్టు చివరిదాకా లాగి చూశాను. రోజూ బయటికి రాని ఆఖరి మూర దగ్గర బురద చార ఉంది. స్టెప్నీ తీయిస్తే కింద గుంటలో మెత్తటి ఒండ్రు. వాగు పొంగి పోయాక మన చేలో మిగిలేది అదే కదా, మనకెవరు చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో టీవీల్లో చూశాం. ఇది అక్కడిదే అని నేననను. నీళ్ళలో మాత్రం నిలబడింది. నీళ్ళు తాగిన వైరింగు ఈరోజు బాగానే ఉంటుంది, ఆర్నెల్లకి పచ్చటి చిలుము పట్టి ఒక్కోటీ మొరాయిస్తుంది. దాన్ని ఈరోజు ఏ స్కానరూ చెప్పదు.

వద్దని వచ్చేశాం. బయానాలో ఐదు వేలే తిరిగిచ్చారు. తమ్ముడు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ బండిని పక్క మండలం ఆయన కొన్నాడట, ఇప్పటిదాకా బాగానే తిరుగుతోందట. ఆ మాట తమ్ముడే వచ్చి నాకు చెప్పాడు, కాస్త గట్టిగానే. నేనేమీ అనలేదు. నా అంచనా తప్పే కావొచ్చు. అయినా మళ్ళీ అదే బండి చూపిస్తే మళ్ళీ వద్దనే అంటాను.

నెల తర్వాత ఒక రిటైరైన టీచరుగారి బండి దొరికింది, ఒకే ఓనరు. తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయగానే ఇంజను లైటు వెలిగే ఉంది! తమ్ముడు వెనక్కి తిరగబోయాడు, నేనే ఆపాను. పీ0135 వచ్చింది. ఆక్సిజన్ సెన్సార్‌లో వేడి చేసే తీగ పోయిందని. కోడ్లు చెరిపాక పదకొండు వేల కిలోమీటర్లు తిరిగింది. "నాలుగు నెలల్నుంచి వెలుగుతోందండీ, బండి బాగానే పోతోంది కదా అని వదిలేశా" అన్నారు మాస్టారు. సర్వీసు బుక్కులో ప్రతి ముద్రా ఉంది. మీటరు తిరిగినదానికీ, క్లచ్ పెడల్ రబ్బరు అరిగినదానికీ పొంతన కుదిరింది. టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది చూడండి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో చేసిందని. అదీ సరిపోయింది. సెన్సారుకీ కూలీకీ అని పన్నెండు వేలు తగ్గించి అడిగితే మాస్టారు మారు మాట్లాడకుండా తగ్గించారు. మార్పించాక తమ్ముడికి ఇంకా నాలుగు వేలు మిగిలాయి.

కాగితాల మాట క్లుప్తంగా చెప్తా. వన్‌బీ, అడంగల్, ఈసీ చూడకుండా ఎకరం పొలం కొనం కదా. బండికీ అంతే. ఆర్సీలో హైపోతికేషన్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బివ్వండి. ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదురుగానే పెట్టించుకోండి. చలానాలు పెండింగ్ ఉంటే వాళ్ళచేతే కట్టించండి. ఇన్సూరెన్సు కూడా మీ పేరుకి మార్పించుకోవాలి. ఢిల్లీ నంబరు డీజిల్ బండ్లు చవగ్గా వస్తున్నాయని కొందరు ఎగబడుతున్నారు. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో ఎన్జీటీ ఆదేశమిచ్చాకే అవి ఇటు రావడం ఎక్కువైంది. అక్కడి ఎన్ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్సు లెక్కేసుకుంటే ఆ చవక చాలావరకు అక్కడే కరిగిపోతుంది.

నా కారు ఇంకా నా దగ్గరే ఉంది. అరవై రెండు వేలు పెట్టాక ఎవడికి అమ్ముతాం, బాగానే నడుస్తోంది. అమ్మ మాత్రం ఎక్కినప్పుడల్లా "ఇది దారిలో ఆగదు కదా" అని ఒకసారి అడిగే కూర్చుంటుంది.

స్కానర్ కావాల్సినవాళ్ళు ఇంటికొచ్చి తీసుకెళ్ళొచ్చు, డబ్బులేమీ వద్దు. ఒక్కటే షరతు, వారంలో తెచ్చివ్వాలి. పోయినసారి తీసుకెళ్ళిన మా బావమరిది దాన్ని బండికే వదిలేసి రెండు వారాలు మర్చిపోయాడు. బ్యాటరీ దిగిపోయి పొద్దున్నే స్టార్ట్ కాక, మళ్ళీ నాకే ఫోన్ చేశాడు.