పార్కు లేనులో పులిజూదం

సికింద్రాబాదులో పార్కు లేను అనే వీధి ఒకటున్నది. పేరులో పార్కు ఉన్నమాట నిజమే గాని, నా కంటికి అక్కడ ఆనిన పచ్చదనమంతా షాపుల అద్దాల వెనక ఉన్న మదర్‌బోర్డులదే. అవీ ఇప్పుడు చాలావరకు నల్లగానే వస్తున్నాయని మావాడు దిద్దాడు.

ఈ వీధిలోనే చెనాయ్ ట్రేడ్ సెంటరనే అంతస్తుల మేడ ఉన్నది. పూర్తి పేరుతో అడిగితే ఆటోవాడు క్షణం ఆలోచిస్తాడు. "సీటీసీ" అంటే చాలు, మీటరు సంగతి తప్ప తక్కినవన్నీ మాట్లాడుతూ తీసుకుపోతాడు. రైలు దిగినవాళ్ళకు ఆ బాధ కూడా అక్కరలేదు. సికింద్రాబాదు ఈస్టులో మెట్రో ఎక్కితే మొదటిది పరేడ్ గ్రౌండు, ఆ తరువాతది పారడైజు. 1953లో చిన్నగా మొదలై బిర్యానీతో పేరు మోసిన హోటలు అక్కడే ఉన్నది. ఆ వాసనకు తల తిప్పకుండా నడిచిపోగల నిగ్రహముంటే కాసేపట్లో కంప్యూటర్ల బజారులో ఉంటారు.

పుస్తకాల పిచ్చివాళ్ళకు కోఠీ ఎలాంటిదో, కంప్యూటర్ల పిచ్చివాళ్ళకు ఈ మేడ అలాంటిది. ఇరుకు వసారాలు, వాటికి రెండువైపులా అగ్గిపెట్టెల్లాంటి కొట్లు, కొట్టు కొట్టుకూ కప్పుదాకా పేర్చిన అట్టపెట్టెలు. మనం నడుస్తూంటే, "ఏం కావాలి సార్? గేమింగా, ఆఫీసా?" అని రెండు పక్కల నుంచీ పిలుపులు. లోకంలో మనుష్యులు ఈ రెండు జాతులే కాబోలనిపించింది.

మేము గేమింగు జాతిలో చేరడానికి కారణం మా నాన్నగారు. ఆయనకు ఎనభై ఏళ్ళు. ఊళ్ళో రామాలయం అరుగు మీద చెక్కిన పులిజూదం గళ్ళ ముందు ఆయన కూర్చుంటే, ఎదురు కూర్చునే మొనగాడు లేడనేవారు. నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి స్వాధీనం తప్పింది. ఎదురు కూర్చునేవారిలో మిగిలినవారు ఇద్దరు, వారిలో ఒకరికి చూపు లేదు. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకుంటున్న మనిషిని చూసి, ఇంటరు పూర్తిచేసిన మావాడు ఒక మాటన్నాడు: "నాకు లాప్‌టాపు వద్దు నాన్నా. ఇంట్లో ఉండే పెద్ద కంప్యూటరు కొను. నేను హాస్టలుకు వెళ్ళిపోయినా తాతయ్య ఆడుకుంటాడు."

మా ఆవిడ వాడికేసి పరీక్షగా చూసింది. కొడుకులు తాతల పేరు చెప్పి ఆటవస్తువులు కొనిపించుకోవడం ఆమెకు తెలియని విద్య కాదు. చివరికి తన చీటీ డబ్బు తీసి ఇచ్చింది. దానికి నేను రెండేళ్ళు పరీక్ష పేపర్లు దిద్దిన డబ్బు కలిపితే 80,000 రూపాయలు తేలింది. మా ఇంట్లో ఫ్రిజ్జు కూడా అంత ఖరీదు చెయ్యదు. అందుకని, పెద్దాయన వద్దని అటు తిరిగి పడుకుంటే ఏమిటి గతి అనే గుబులు దారిపొడుగునా నన్ను వదలలేదు.

మొదటి కొట్టాయన మావాడి వయస్సు చూసి, రంగురంగుల దీపాలు తిరిగే పెట్టె, దానిలో మా డబ్బులో సగానికి పైగా మింగే గ్రాఫిక్స్ కార్డు చూపించాడు. మావాడు తల అడ్డంగా ఊపాడు. తుపాకులు పేల్చే ఆటలకు బొమ్మ సెకనుకు వందసార్లు మారాలి గనుక కార్డు ముఖ్యమట. ఎత్తులు వేసే ఆటల్లో కథ వేరు. వందలాది సైనికుల్లో ఒక్కొక్కడూ ఏ దారిన పోవాలో, ఎదుటి రాజులు ఏం ఆలోచించాలో లెక్క కట్టేది ప్రాసెసరు. రాజ్యాలు ముదిరిన కొద్దీ, మన ఎత్తు అయ్యాక వాళ్ళ ఎత్తుల కోసం కాచుకోవలసిన సమయం దాని చురుకుదనాన్ని బట్టే ఉంటుంది. అందుచేత కార్డు మధ్యరకం, ప్రాసెసరు ఒక మెట్టు పైది తీసుకున్నాము. మెమొరీ 16 జీబీ ఒకే పలకగా కాక, రెండు ఎనిమిదులుగా కొనమన్నాడు. జోడెద్దులు కట్టినట్టు రెండూ కలిసి లాగుతాయట. ఈ ఉపమానం మాత్రం నాది.

నాబోటి సంసారులకు ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. కరెంటు అందించే ఎస్.ఎం.పి.ఎస్. దగ్గర పీనాసితనం పనికిరాదు. అది చెడితే తనతో పాటు నలుగురిని తీసుకుపోయే రకం. దాని మీద "80 ప్లస్" ముద్ర ఉంటే, తాగిన కరెంటులో నూటికి 80 వంతులైనా లోపలి సరుకుకు అందుతుందన్నమాట. యూపీఎస్ డబ్బా మీద 600 వి.ఏ. అని ఉంటే 600 వాట్లనుకోకండి, 360 మాత్రమే కావచ్చు. ఇక సెకండ్‌హాండు కార్డుల సంగతి. 2022 సెప్టెంబరులో ఈథీరియం నాణేల తవ్వకం ఆగిపోయాక, అంతవరకు రాత్రింబవళ్ళు చాకిరీ చేసిన కార్డులెన్నో తుడిచిన ముఖాలతో బజారుకొచ్చాయి. 18 శాతం జీఎస్టీ తప్పుతుందని బిల్లు వద్దనుకుంటే వారంటీ కూడా పోయినట్టే. ప్రతి వస్తువు సీరియల్ నంబరూ బిల్లు మీద వేయించుకోవాలి.

మానిటరు దగ్గర చిన్న పేచీ వచ్చింది. మావాడి కళ్ళు నిగనిగలాడే 1440 రకం మీద పడ్డాయి. "అదే సైజులో 1080 అయితే అక్షరాలు పెద్దగా కనబడతాయి సార్, పెద్దాయన అంటున్నరు కద" అని కొట్టు కుర్రవాడే అన్నాడు. మావాడు ఒక్క నిమిషం మాట్లాడలేదు. తరువాత 27 అంగుళాల 1080 తీసుకున్నాడు. ఆ నిమిషంలో మా ఆవిడ వాడి పక్కన ఉండి చూస్తే బాగుండుననిపించింది.

అసలు తిరుగుడు మౌసు కోసం. ఆటల మౌసులన్నీ కుడి అరచేతికి అచ్చుపోసినట్టు ఒకవైపు వంగి ఉన్నాయి. ఎడమచేతికని అడిగితే ఒకాయన, "ఎడమచేత్తో ఎవరాడతరు సార్?" అన్నాడు. మూడంతస్తులు దిగి ఎక్కాము. చివరికి మెట్ల కింద కొట్టులో ఒక ముసలాయన రెండు చేతులకూ ఒదిగే తిన్నని మౌసు దులిపి ఇచ్చి, "బొత్తాలు విండోస్‌లో తారుమారు చేసుకోవచ్చు బాబూ" అని కిటుకు చెప్పాడు. 80,000ల బేరంలో నాకు జ్ఞాపకమున్న వస్తువు ఆ ఒక్కటే.

ఆట ఏది? మావాడు ఆడేది 1999 నాటి 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2', 2019లో మెరుగులు దిద్దినది. ముగ్గురు పనివాళ్ళతో మొదలుపెట్టి తిండీ, కట్టే, బంగారమూ, రాయీ కూడబెట్టి కోటలు కట్టాలి. 2022లో దానిలో రాజేంద్రచోళుడి కథ చేర్చారు. మన నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుడికి పిల్లనిచ్చిన మామగారు! అమ్మంగదేవి వాళ్ళ నాన్న తెర మీద యుద్ధానికి పోతూంటే నాకు వేంగి చరిత్ర పాఠం ఆపుకోవడం కష్టమైంది. కాని ఆ ఆటలో కాలం ఆగదు, చేతులు పరుగెత్తాలి. నాన్నగారికి 'సివిలైజేషన్ 6' పెట్టాడు. అది వంతులవారీ ఆట. క్రీస్తుకు 4000 ఏళ్ళ పూర్వం మొదలవుతుంది. మన ఎత్తు వేసేదాకా లోకం కాచుకుంటుంది. ఒక్క మౌసుతోనే ఆడవచ్చు.

మొదటిరోజు ఆయన పావుగంట చూసి, "ఇందులో పులులెవరురా?" అన్నారు. మూడోరోజు మా ఆవిడ భోజనానికి పిలిస్తే, "ఉండవే అమ్మాయ్, అడవివాళ్ళు ఊరి మీద పడ్డారు" అన్నారు. మా ఆవిడ కూర మళ్ళీ వేడిచేసింది గాని, ఏమీ అనలేదు.

ఇప్పుడు మావాడు హాస్టలులో ఉన్నాడు. ఆదివారం ఫోను చేస్తే నాకు రెండు నిమిషాలు, తాతగారికి అరగంట. పోయిన వారం ఈయన, ఊళ్ళు నాలుగయ్యాయి గాని గుర్రాలు దొరకలేదని ఫిర్యాదు చేశారు. పశుపోషణ నేర్చుకుంటే గాని గుర్రాలు కనబడవని వాడు చెప్పాడు.

"నలభై ఏళ్ళు పాడి చేసినవాణ్ణి! నాకా పశుపోషణ?" అంటూ నాన్నగారు ఫోను నా చేతిలో పెట్టి, కళ్ళజోడు వెతుక్కున్నారు.