కొండ మీద నీళ్లు, కొండ నిండా స్తూపాలు

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో పదిహేను కిలోమీటర్లు పోయాక బస్సు ఎడమవైపు మళ్లి కొండ ఎక్కుతుంది. కాలేజీ పిల్లల ఎక్స్‌కర్షన్లు, కాలనీ సంఘాల ఆదివారం ట్రిప్పులు, బుద్ధగయ చూసి వచ్చి ఇక్కడేముందో కూడా చూద్దామనుకునే పెద్దవాళ్ల బృందాలు తొట్లకొండకు ఇలాగే చేరతాయి. చాలామంది మహాస్తూపం ముందు ఫొటో దిగి, కింద మెరుస్తున్న బంగాళాఖాతాన్ని చూసి, అరగంటలో బస్సెక్కేస్తారు. చూడాల్సినది అప్పటికి ఇంకా మొదలే కాదు.

ఈ కొండ ఎత్తు సముద్రమట్టానికి 128 మీటర్లు. 1976లో నౌకాదళం కోసం జరిగిన సర్వేలో ఇక్కడి శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు చేపడితే, రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధారామం మొత్తం పునాదులతో సహా కనిపించింది. స్తూపాలు, చైత్యగృహాలు, భిక్షువుల గదులు, సమావేశ మందిరం, వంటశాల, దాని పక్కనే భోజనశాల ఉన్నాయి. మధ్యలో ముంగిలి, చుట్టూ వరుసగా గదులు. ఒక్కో గదిలో ఒక మనిషి కూర్చోవడానికి, పడుకోవడానికి సరిపడేంతే చోటు. గైడు ఉంటే బృందాన్ని ఈ గదుల మధ్య నిలబెట్టి మాట్లాడించాలి. ఇక్కడ బతికిన మనుషులు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఎక్కడ కలిసి కూర్చున్నారు అన్నది స్తూపం కన్నా ఈ గోడల మొదళ్లే బాగా చెబుతాయి.

అన్నిటికన్నా ముందు చూడాల్సినవి తొట్లు. బండను నిలువునా తొలిచి చేసిన నీటి తొట్లు ఇవి. దగ్గరికి వెళ్లి వంగి చూస్తే కోసిన రాతి అంచులు తెలుస్తాయి. కొండ మీద ఏరు లేదు. వాన కురిసినప్పుడు పట్టి దాచుకున్న నీళ్లే వంటకూ, తాగడానికీ. మామూలు రోజుల్లో ఊరూరా తిరిగే భిక్షువులు వానాకాలం మాత్రం ఒకేచోట ఉండిపోవాలన్నది బౌద్ధ సంఘ నియమం. వర్షావాసానికి తలదాచుకోవడానికి గది, ఆ వాననే ఏడాదికి దాచుకోవడానికి తొట్టి. ఇంత తెలివైన ఏర్పాటు ముందు కాసేపు ఆగకుండా వెళ్లిపోవడం అన్యాయం.

మరి ఇంత కష్టపడి కొండ మీదే ఎందుకు? కింద సముద్రం ఉంది, దాని మీద వర్తకం ఉంది. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. ఆరామాలను పోషించినవాళ్లలో వర్తకులు ముఖ్యులు. ఊరికి భిక్షకు వెళ్లిరాగలిగేంత దగ్గర, ఊరి సందడి అందనంత ఎత్తు. ఈ రెండూ కుదిరిన చోటు ఇది.

పక్కనే బావికొండ. ధాతువును, అంటే పవిత్ర అవశేషాన్ని, భద్రపరిచిన కరండం అక్కడి తవ్వకాల్లో దొరికింది. భీమిలిలోని పావురాలకొండ మీద రాతిలో తొలిచిన తొట్లు 16 ఉన్నాయి. మూడు కొండలూ ఒకే రోజు తీరుబడిగా చూడొచ్చు.

పాత కట్టడం ఎంత నాజూకైనదో 2019 అక్టోబరు వానలు చూపించాయి. తొట్లకొండ మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయింది. తర్వాత బాగుచేశారు. అందుకే స్తూపం అంచులెక్కి ఫొటోలు దిగేవాళ్లను పక్కవాళ్లే ఆపాలి. కాపలా మనిషి వచ్చేదాకా చూడక్కర్లేదు.

బొజ్జన్నకొండకు మాత్రం వేరే రోజు పెట్టుకోవాలి. అది నగరానికి అటువైపు, అనకాపల్లి పక్కన శంకరం ఊళ్లో ఉంది. ఇక్కడి పని తీరే వేరు. తొట్లకొండలో రాయి పేర్చి కట్టారు, ఇక్కడ కొండనే చెక్కారు. మెట్లెక్కగానే రాతిలో తొలిచిన గుహ, లోపల చదరపు స్తంభాలు, వాటి నడుమ అదే బండ నుంచి మలిచిన స్తూపం. బయటి ఎండలోంచి లోపలికి వెళ్తే కళ్లు కుదుటపడటానికి కాస్త సమయం పడుతుంది. ఆ తర్వాతే స్తూపం రూపు తేలుతుంది. పై అంతస్తులో, గోడల మీద బుద్ధుడి శిల్పాలు. పక్కనున్న లింగాలకొండ మీద ఎటు చూసినా చిన్నా పెద్దా స్తూపాలే, కొండ వాలు వెంట వరుసలు కట్టి ఉంటాయి.

పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే 1907 ప్రాంతంలో ఇక్కడ తవ్వకాలు జరిపాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్య రాజు కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు బయటపడ్డాయి. బౌద్ధంలోని థేరవాదం, మహాయానం, వజ్రయానం మూడు శాఖలూ ఈ కొండను తాకి వెళ్లాయి.

బౌద్ధం పోయాక కూడా కొండను జనం వదల్లేదు. సంక్రాంతి మర్నాడు కనుమకు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఇక్కడికి వచ్చేవారు. ఒక ఆకారాన్ని రాక్షసుడి బొజ్జగా భావించి రాళ్లు విసిరేవారు. చెక్కడాలు దెబ్బతింటున్నాయని వారసత్వ పరిరక్షకులు, పోలీసులు నచ్చజెప్పి ఆ అలవాటు మాన్పించారు. రాళ్లు విసరడం ఆగినా కనుమ సందడి ఆగలేదు. కొండ బుద్ధుడిదని బయటివాళ్లు వచ్చి నేర్పేముందే, అది తమదని ఆ ఊళ్లవాళ్లు అనుకుంటూ వచ్చారు. కనుమ రోజునే శంకరం వెళ్లే బృందాలకు పురావస్తు శాఖ బోర్డులు చెప్పని ఈ సంగతి కూడా కళ్లెదుటే కనిపిస్తుంది.