మర్రిచెట్ల కింద చలిరాత్రి

చలి అంటే హిమాలయాలదే అనుకుంటాం. కాని పుష్యమాసంలో ఆదిలాబాదు అడవుల్లో ఒక్క రాత్రి ఆరుబయట పడుకుని చూడండి! అక్కడికి సముద్రం చాలా దూరం. ఆకాశంలో మబ్బు తునక ఉండదు. పొద్దు గుంకగానే నేలలోని వేడి ఆకాశానికి ఎగిరిపోతుంది. కొన్ని ఏళ్లలో చలి 5 డిగ్రీల కన్న కిందికి దిగుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, పుష్య అమావాస్యకు, కేస్లాపూర్‌లో గోండుల నాగోబా జాతర ఆరంభమవుతుంది. మెస్రం వంశంవారు హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదావరి జలం తెస్తారు. తిరిగివచ్చి మర్రిచెట్ల కింద బస చేస్తారు. వాళ్లలో ముసలివాళ్లుంటారు, చంటిపిల్లలుంటారు. మరి చలికి ఎలా ఆగుతారు?

మొదటి కాపు ఆ మర్రిచెట్టే. దాని గుబురు కప్పులాగా అడ్డుపడి, నేలవేడిని ఆకాశానికి పోనివ్వదు. బయట గడ్డి మంచుకు తడిసినా చెట్టు కింద నేల పొడిగానే ఉంటుంది. ఇక నెగడు. అయితే అది ముందువైపే కాస్తుంది. వీపు వణుకుతూనే ఉంటుంది!

ఆ వీపు సంగతి కరీంనగరం గొర్లకాపరికి బాగా తెలుసు. అతని గొంగడిలో ఉన్ని పోగుల మధ్య గాలి చిక్కుకుని, ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. (అది గుచ్చుకుంటుంది, నిజమే!) పైన ఎంత కప్పుకున్నా, కటికనేల కిందినుంచి వేడిని లాగేస్తుంది. అందుకే కాపరి గొంగడిని సగం కింద పరిచి, సగం పైన కప్పుకుంటాడు.